వేడికి నిలిచే స్పార్కు ప్లగ్గు



విత్తనం గురించి, ఎరువు గురించి, తెగుళ్ళ గురించి మనం తరచుగా ముచ్చటించుకుంటూనే వుంటాము. ఈ వేళ మాత్రం బొటనవేలికన్న కాస్త పొడుగ్గా వుండే ఒక చిన్న వస్తువును గురించి చెప్పుకుందాం. అదే స్పార్కు ప్లగ్గు. మీ పవర్ స్ప్రేయరులో అది వుంటుంది. గడ్డి కోసే యంత్రంలో వుంటుంది. మోటారు సైకిలులో వుంటుంది. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుతో నడిపే నీటి ఇంజనులోనూ వుంటుంది. డీసెలు ఇంజనులో మాత్రం వుండదు. అక్కడ గాలిని గట్టిగా నొక్కేసరికి పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత ఉపోద్ఘాతం దేనికి అంటారేమో. ఒక సంగతి చెబుతాను, చిత్తగించండి. ఏ వూళ్ళోనైనా జరగగల సంగతే.

పత్తి పూతా పిందె మీద వున్నది. పురుగు కనిపించింది. వాన పట్టేలోగా మందు కొట్టి తీరాలి. రైతు స్ప్రేయరు బయటకు తీశాడు. ఇంజను సరిగా అందుకోవడం లేదు, ప్లగ్గు పాతదైపోయింది. బజారుకు పోయి, "ఎండలు మండిపోతున్నాయి, ఇదివరకటి దానికన్న కాస్త పెద్ద అంకె ప్లగ్గు ఇవ్వండి" అని అడిగాడు. ఇచ్చారు. మర సరిపోయింది, పొడుగు సరిపోయింది. ఇంజను మొదటి గుంజుకే అందుకున్నది. నాలుగు టాంకులు కొట్టాడు. అయిదో టాంకు సగంలో ఇంజను టంగుటంగుమని మోగి, బలం తగ్గి, ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టను నెత్తి మీద చిల్లు! ప్లగ్గు ఖరీదు ఒక పూట కూలికన్న తక్కువ. పోయినవి మాత్రం పిస్టను, సిలిండరు, మెకానిక్కు కూలి. వాటన్నిటికన్న మించి, మందు కొట్టవలసిన రెండు రోజులూ పోయినవి.

మర సరిగ్గా సరిపోయిన ప్లగ్గు పిస్టనును ఎందుకు పాడుచేసింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ప్లగ్గును తయారుచేసేవారు వేడితో ఎట్లా పెనుగులాడారో తెలుసుకోవాలి.

ముందుగా సిలిండరు లోపల ఏం జరుగుతుందో చూడండి. పెట్రోలు ఆవిరీ, గాలీ కలిసిన మిశ్రమాన్ని పిస్టను పైకి తోసి నొక్కుతుంది. సరిగ్గా అదను చూసి ప్లగ్గు కొనల మధ్య రవ్వ దూకుతుంది. ఆ సందు దాటించడానికి పది వేల వోల్టుల నుండి పాతిక వేల వోల్టుల దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా కావలసివస్తుంది. మన ఇంటి దీపానికి వచ్చేది 230 వోల్టులే గదా! రవ్వ పడగానే మిశ్రమం అంటుకుంటుంది. ఆ మంట వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఇనుము 1538 డిగ్రీలకే కరిగి నీరవుతుంది. దీనినిబట్టి ఆ మంట ఎటువంటిదో ఊహించండి. మరుక్షణమే ఆ మంట బయటికి పోతుంది, చల్లని కొత్త మిశ్రమం వచ్చి ప్లగ్గు ముఖాన కొడుతుంది. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో మీకు తెలుసు. ప్లగ్గుకు ఆ పరీక్ష ఎడతెరిపి లేకుండా జరుగుతూనే వుంటుంది.

ఎన్నిసార్లు జరుగుతుందంటే, లెక్క వేద్దాం. మోటారు సైకిళ్ళలో వుండే నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మంట పుడుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకండుకు 25 మంటలు. వీపున తగిలించుకునే స్ప్రేయర్లలో ఎక్కువగా వుండేది రెండు స్ట్రోకుల ఇంజను. అందులో చుట్టుకొక మంట. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకండుకు 100 మంటలు, గంటకు 3 లక్షల 60 వేల మంటలు! మెల్లగా తిరిగే ఇంజనులో ఒక మంటకూ ఇంకొక మంటకూ మధ్య ప్లగ్గు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ ఆ ఎడం తగ్గిపోతుంది. అందువల్లనే వేగంగా తిరిగే ఇంజనుకు ప్లగ్గు తయారుచేయడం కష్టమైన పని అయింది.

అయితే ప్లగ్గును ఎంత చల్లగా వుంచితే అంత మంచిదా? కాదు. ఇక్కడే అసలు మెలిక వున్నది. ప్లగ్గు కొన మరీ చల్లగా వుంటే దానికి మసి పట్టుకుంటుంది. వంట చెరుకు సరిగా మండకపోతే కుండకు మసి పట్టినట్లే. మసి అంటే బొగ్గు. బొగ్గు గుండా కరెంటు పోతుంది. అప్పుడు కరెంటు కొనల మధ్య సందు దూకే శ్రమ పడకుండా, మసి దారి వెంట ఇనుప గొట్టంలోకి జారిపోతుంది. రవ్వ పడదు, ఇంజను మిస్ కొడుతుంది. కొన సుమారు 450, 500 డిగ్రీల వేడికి చేరితే ఆ మసి తనంతట తానే కాలిపోతుంది. ప్లగ్గు తన ముఖం తానే కడుక్కుంటుందన్నమాట.

ఇక రెండో వైపు చూడండి. కొన వేడి సుమారు 850 డిగ్రీలు దాటితే అది నిప్పు కణికలాగా ఎర్రబడుతుంది. రవ్వ పడే అదనుకు ముందే ఆ కణిక మిశ్రమాన్ని అంటిస్తుంది. పిస్టను ఇంకా పైకి వస్తూనే వుంటుంది, మంట దాన్ని కిందికి తోస్తూ వుంటుంది. ఎదురెదురుగా రెండు బళ్ళు ఒకే ఇరుకు సందులో ఇరుక్కున్నట్లవుతుంది. దానితో వేడి ఇంకా పెరుగుతుంది. వేడి పెరిగినకొద్దీ కణిక ఇంకా ఎర్రబడుతుంది, ఇంకా ముందుగా అంటిస్తుంది. ఈ గొలుసు అట్లాగే సాగితే కొద్ది నిమిషాలలో పిస్టను నెత్తి మెత్తబడి చిల్లు పడుతుంది. చిన్న ఇంజన్లలో పిస్టను అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినదే గదా. శుద్ధమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది.

కావున ప్లగ్గు కొన 500 డిగ్రీలకు తగ్గకూడదు, 850 డిగ్రీలకు మించకూడదు. ఇంజను మెల్లగా తిరిగినా, జోరుగా తిరిగినా, చలిలో నడిచినా, మన వైశాఖపు ఎండల్లో నడిచినా ఈ రెండు గట్ల మధ్యనే అది వుండాలి. ప్లగ్గును రూపొందించేవారి పని అంతా ఈ రెండు గట్లను కాపాడడమే.

కొనకు తగిలిన వేడి ఎటు పోతుంది? లోపలి పింగాణీ ముక్కు గుండా పైకి పాకి, ఇనుప గొట్టంలోకి వచ్చి, మర ద్వారానూ వాషరు ద్వారానూ సిలిండరు తలకాయలోకి చేరుతుంది. వేడిలో ఎక్కువ భాగం పోయే దారి ఇదే. పొలంలో మురుగు నీరు బోదెలోకి దిగినట్లే ఇదీను. బోదెకు ఆనుకుని వున్న మడి త్వరగా ఆరుతుంది. బోదెకు దూరంగా వున్న మడిలో నీరు నిలుస్తుంది. ప్లగ్గు ముక్కు పొట్టిగా వుంటే వేడికి దారి దగ్గర, త్వరగా దిగిపోతుంది. అటువంటిదాన్ని చల్ల ప్లగ్గు అంటారు. ముక్కు పొడుగ్గా వుంటే దారి దూరం, వేడి కొన దగ్గరనే నిలుస్తుంది. అది వేడి ప్లగ్గు. బయటికి రెండూ ఒకే మాదిరిగా కనిపిస్తాయి. మర ఒకటే, పొడుగు ఒకటే. తేడా అంతా లోపల ముక్కు పొడుగులో వున్నది. జోరుగా తిరిగి, బాగా వేడెక్కే ఇంజనుకు చల్ల ప్లగ్గు కావాలి. మెల్లగా తిరిగే చల్లని ఇంజనుకు వేడి ప్లగ్గు కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో సగం మీకు వచ్చినట్లే.

ఇప్పుడు ఆ ముక్కు దేనితో చేయాలన్న ప్రశ్న వస్తుంది. దీని వెనుక నూరేళ్ళ పైబడిన చరిత్ర వున్నది. 1860లో ఫ్రాన్సు దేశంలో లెన్వార్ అనే ఆయన తన గ్యాసు ఇంజనులో కరెంటు రవ్వతో మంట పుట్టించాడు. 1902లో జర్మనీలో రాబర్టు బాష్ కర్మాగారంలో పనిచేసే హొనోల్డ్ అనే ఇంజనీరు హెచ్చు వోల్టుల మాగ్నెటోనూ, దానికి తగిన ప్లగ్గునూ తయారుచేశాడు. అప్పటి ఇంజన్లు మెల్లగా తిరిగేవి. వాటికి మామూలు పింగాణీ సరిపోయింది.

ఇంజన్ల వేగం పెరిగేసరికి పింగాణీ లోపాలు బయటపడినవి. మొదటి లోపం, హఠాత్తుగా వేడీ చలవా తగిలితే అది పగులుతుంది. రెండో లోపం, దాని గుండా వేడి త్వరగా దిగదు. మూడో లోపం చాలామందికి తెలియనిది. చల్లగా వున్నప్పుడు పింగాణీ కరెంటును ఆపుతుంది గాని, బాగా వేడెక్కితే దానిలోని సోడా, పొటాషు లవణాల వల్ల కరెంటును కొద్దికొద్దిగా పోనిస్తుంది. గట్టు తెగిన చెరువులో నీరు నిలవనట్లే, అటువంటి ప్లగ్గులో వోల్టేజి నిలవదు.

అప్పుడు కొందరు అభ్రకం వైపు చూశారు. మన నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు గనుల్లో దొరికే కాకిబంగారమే అభ్రకం. పొరలు పొరలుగా వూడుతుంది. వేడికి పగలదు, కరెంటును పోనివ్వదు. ఇంగ్లండులో కెనెల్మ్ లీ గిన్నెస్ అనే పందెపు కార్ల చోదకుడు ప్లగ్గులు మాటిమాటికీ చెడిపోవడంతో విసిగి, 1912 ప్రాంతంలో అభ్రకం పొరలు పేర్చిన ప్లగ్గులు స్వయంగా చేయించాడు. అవే కె.ఎల్.జి. ప్లగ్గులుగా పేరు పొందినవి. ఆయన 1922లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాట మీద గంటకు 133 మైళ్ళకు పైగా వేగంతో కారు నడిపి, నేల మీద వేగానికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. విమానపు ఇంజన్లలోనూ అభ్రకం ప్లగ్గులు చాలా కాలం పనిచేసినవి.

తరువాత కొత్త చిక్కు వచ్చింది. ఇంజను టంగుమని మోగకుండా పెట్రోలులో సీసపు సమ్మేళనం కలపడం మొదలుపెట్టారు. ఆ సీసం మండగా వచ్చిన పదార్థాలు వేడి మీద అభ్రకాన్ని తినివేయసాగినవి. పైగా విమానపు ఇంజన్లలో గాలిని మరింత నొక్కి పంపడం వల్ల వేడి ఇంకా పెరిగింది. ఇటు పింగాణీ పనికిరాదు, అటు అభ్రకం పనికిరాదు.

ఆ చిక్కు నుండి గట్టెక్కించినది అల్యూమినా. అల్యూమినియం, ప్రాణవాయువు కలిసిన తెల్లని పదార్థమిది. బాక్సైటు ఖనిజం నుండి తీస్తారు. ఆ ఖనిజం మన తూర్పు కనుమల్లోనూ వున్నది. ప్రకృతిలో స్ఫటికంగా దొరికినప్పుడు దాన్నే మనం కురువిందం అంటాము. ఇంగ్లీషువారి కోరండం అనే మాట కూడా మన దక్షిణదేశపు మాట నుండే పుట్టింది. ఎర్రని కురువిందం కెంపు, నీలి రంగుది నీలం. చూడండి, రాజుల కిరీటాల్లో మెరిసిన రాయీ, మీ స్ప్రేయరు ప్లగ్గులోని తెల్ల ముక్కూ ఒకే జాతివి! అల్యూమినా 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. గట్టితనంలో వజ్రం తరువాత దగ్గరగా నిలిచే పదార్థాలలో ఒకటి. మామూలు పింగాణీకన్న ఎన్నో రెట్లు త్వరగా వేడిని దింపుతుంది. వేడెక్కినా కరెంటును గట్టిగా ఆపుతుంది. సీసానికి లొంగదు.

అంత మంచి పదార్థమైతే మొదటే ఎందుకు వాడలేదు? కరగనిదాన్ని మలచడం ఎట్లాగన్నదే సమస్య. 1930 తరువాతి యేండ్లలో జర్మనీలో సీమెన్సు వారు, ఇంగ్లండులో లాడ్జి ప్లగ్గుల వారు దీనికి దారి కనిపెట్టారు. కుమ్మరి మట్టిని కరిగించి కుండ చేస్తాడా? చేయడు. మెత్తగా పిసికి, రూపు కట్టి, ఆవంలో కాలుస్తాడు. ఇదీ అట్లాగే. అల్యూమినాను పిండి కన్న మెత్తగా నూరి, నీటితో కలిపి, తుంపరగా ఆరబెట్టి చిన్న గుళికలు చేస్తారు. ఆ గుళికలను రబ్బరు అచ్చులో పోసి అన్ని వైపుల నుండి సమానంగా నొక్కుతారు. రాతిచక్రం మీద రూపు దిద్ది, సుమారు 1600 డిగ్రీల వేడి గల కొలిమిలో కాలుస్తారు. కాలేటప్పుడు ముక్క దాదాపు ఆరో వంతు నుండి అయిదో వంతు దాకా కుదించుకుపోతుంది. ఆ కుదింపును ముందే లెక్కకట్టి అచ్చు పెద్దదిగా చేస్తారు. ఈ లెక్క తప్పితే ముక్క గొట్టంలో పట్టదు, లేదా వదులవుతుంది.

1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడిన విమానాల్లో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లు వుండేవి. 12 సిలిండర్లు, సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, మొత్తం 24. నిమిషానికి 3000 చుట్ల దాకా తిరిగేవి. ఒక ప్లగ్గు చెడినా రెండోది ఆదుకోవాలన్నది రెండేసి పెట్టడంలో ఒక ఉద్దేశం. ఆకాశంలో ఇంజను ఆపి ప్లగ్గు తుడుచుకునే వీలు లేదు గదా! అటువంటి అవసరాల నుండి పుట్టిన విద్యయే తరువాత కార్లకూ, మోటారు సైకిళ్ళకూ, మన పొలం యంత్రాలకూ దిగి వచ్చింది. మనదేశంలో 1951లో ఏర్పడిన మైకో కంపెనీ బెంగుళూరులో ప్లగ్గులు తయారుచేసింది. ఆ కంపెనీయే 2008 నుండి బాష్ లిమిటెడ్ అనే పేరుతో వున్నది. పాత మెకానిక్కులు ఇప్పటికీ మైకో ప్లగ్గు అనే అంటారు.

ముక్కు సంగతి అయింది. ఇక మధ్యనున్న కడ్డీ సంగతి. రాగి వేడిని బాగా దింపుతుంది, కాని 1085 డిగ్రీలకే కరుగుతుంది, రవ్వకు త్వరగా అరుగుతుంది. నికెలు 1455 డిగ్రీల దాకా కరగదు, రవ్వకు ఓర్చుకుంటుంది, కాని వేడిని రాగి అంత చురుగ్గా దింపదు. అందుకని లోపల రాగి గుజ్జు, పైన నికెలు మిశ్రమ లోహపు తొడుగు పెట్టారు. తొడుగు మంటను కాచుకుంటుంది, గుజ్జు వేడిని దింపుతుంది. దీనివల్ల గొప్ప లాభం కలిగింది. ముక్కును కాస్త పొడుగ్గా వుంచి మసి పట్టకుండా చేయవచ్చు, అయినా జోరు మీద ఎర్రబడకుండా కాపాడవచ్చు. అంటే రెండు గట్ల మధ్య కాలువ వెడల్పయినదన్నమాట. ఇప్పుడు కొన్ని వాహనాలకు ప్లాటినం, ఇరిడియం కొనలు కూడా వస్తున్నవి. ఇరిడియం 2400 డిగ్రీల పైన గాని కరగదు. దాని కొన సన్నగా వుండడంవల్ల తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. మామూలు స్ప్రేయరుకు నికెలు కొన చాలు.

మూడోది, సందుల బిగువు. ఇనుము వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, అల్యూమినా తక్కువ వ్యాకోచిస్తుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎట్లా ఎక్కిస్తారో మీకు తెలుసు. కాల్చి తొడిగి, చల్లార్చి బిగిస్తారు. ప్లగ్గు గొట్టాన్ని కూడా అట్లాగే వేడి చేసి నొక్కి, ముక్కు మీద బిగుసుకునేటట్లు చేసే పద్ధతి వున్నది. లోపల చిన్న లోహపు వాషరో, గట్టిగా కూరిన పొడియో వేసి, మంట గాలి పైకి చొరకుండా ఆపుతారు. అది లీకైతే మండే గాలి పైకి పోతూ ప్లగ్గునంతా కాల్చివేస్తుంది.

ఇప్పుడు మన పత్తి రైతు దగ్గరికి తిరిగి వద్దాం. ప్లగ్గు మీద అచ్చు వేసిన అక్షరాలూ అంకెలూ వుంటాయి. వాటిలో ఒక అంకె ఈ వేడి తరగతిని చెబుతుంది. అయితే అన్ని కంపెనీలకూ ఒకే లెక్క లేదు. ఎన్.జి.కె. ప్లగ్గుల్లో అంకె పెరిగినకొద్దీ ప్లగ్గు చల్లదవుతుంది. బాష్ ప్లగ్గుల్లోనూ, ఛాంపియన్ ప్లగ్గుల్లోనూ అంకె పెరిగినకొద్దీ వేడిదవుతుంది. తరగతి ఒక మెట్టు మారితే కొన వేడి సుమారు 70 నుండి 100 డిగ్రీల దాకా మారవచ్చు. రెండు మెట్లు మారితే గట్టు తెగినట్లే. మన రైతు చల్ల ప్లగ్గు కావాలనుకుని పెద్ద అంకె అడిగాడు. ఆ రకంలో పెద్ద అంకెకు అర్థం వేడి ప్లగ్గు. అది మసి పట్టదు గనుక ఇంజను మొదటి గుంజుకే అందుకున్నది. అదే ప్లగ్గు జోరు మీద ఎర్రబడి పిస్టనును కరిగించింది. ఆయన జాగ్రత్త పడబోయాడు గాని, ఆ జాగ్రత్తే నష్టం తెచ్చింది. అందుచేత అంకె పెద్దదా చిన్నదా అని చూడకండి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఏ గుర్తు వున్నదో ఆ గుర్తు మొత్తం కాగితం మీద వ్రాసుకుని దుకాణానికి పొండి. పుస్తకం పోతే పాత ప్లగ్గును జేబులో వేసుకుని పొండి. వేరే కంపెనీది తీసుకోవలసి వస్తే, దానికి సరియైన జత ఏదో పట్టికలో చూపించమని అడగండి.

మర పొడుగు కూడా సరిచూడాలి. ఎక్కువ పొడుగైతే పిస్టనుకు తగలవచ్చు. తక్కువైతే రవ్వ గుంటలో పడినట్లవుతుంది, ఖాళీ మర్రలో మసి పేరుకుంటుంది.

సరియైన ప్లగ్గు తెచ్చినా బిగింపు తప్పితే ప్రయోజనం లేదు. వేడి దిగేది మర ద్వారానూ వాషరు ద్వారానూ అని చెప్పుకున్నాము గదా. ప్లగ్గు వదులుగా వుంటే బోదెకు అడ్డుకట్ట వేసినట్లే, వేడి పైననే నిలిచిపోతుంది. ఇంజను చల్లారిన తరువాతనే ప్లగ్గు విప్పండి. విప్పేముందు చుట్టూ వున్న దుమ్ము ఊదివేయండి. లేకపోతే ఇసుక సిలిండరులో పడుతుంది. కొత్త ప్లగ్గును ముందు చేతి వేళ్ళతోనే చివరిదాకా తిప్పండి. తరువాత పానా పెట్టి అర చుట్టు నుండి మూడింట రెండు వంతుల చుట్టు దాకా బిగిస్తే చాలు. వాషరు ఇదివరకే నలిగిన పాత ప్లగ్గయితే ఇంకా చాలా కొద్దిగా తిప్పితే సరిపోతుంది. బలం వుంది గదా అని బిగిస్తే అల్యూమినియం తలకాయలో మర చెడిపోతుంది. కొనల మధ్య సందు చిన్న ఇంజన్లకు సాధారణంగా 0.6, 0.7 మిల్లీమీటర్లు వుంటుంది. మీ పుస్తకం ఏది చెబితే అదే సరి. ఫీలరు గేజి పెట్టి చూసి, పక్క కొమ్మునే మెల్లగా వంచండి. మధ్య కడ్డీని ఎన్నడూ కదిలించకండి, ముక్కు పగులుతుంది.

విప్పిన ప్లగ్గు ముఖం ఇంజను ఆరోగ్యం చెబుతుంది. వైద్యుడు నాలుక చూసినట్లు మీరు దాన్ని చూడండి. లేత గోధుమ రంగో, బూడిద రంగో వుంటే అంతా బాగున్నట్లు. మనదేశంలో 2000వ సంవత్సరం నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు గనుక రంగు పాతకాలంకన్న పాలిపోయి వుండవచ్చు, భయపడనక్కరలేదు. పొడిగా నల్లని మసి వుంటే పెట్రోలు పాలు ఎక్కువైనట్లు, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయినట్లు. తడిగా నూనె కారుతూ వుంటే పెట్రోలులో కలిపిన నూనె ఎక్కువైనట్లు, లేదా ఇంజను అరిగినట్లు. ముక్కు సున్నంలా తెల్లబారి, పొక్కులు లేచి, కొనలు కరిగినట్లు వుంటే అది ప్రమాద సూచన. వెంటనే యంత్రం ఆపండి. ప్లగ్గు వేడి రకమా? వదులుగా వున్నదా? కార్బొరేటరు దగ్గర గాలి దొంగతనంగా చొరబడుతున్నదా? సిలిండరు రెక్కల మధ్య మట్టీ మందూ పేరుకుని చల్లగాలి తగలడం లేదా? ఈ నాలుగూ వరుసగా చూడండి. చల్ల ప్లగ్గు వేసినంతమాత్రాన ఈ లోపాలు నయం కావు. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా నెత్తిన తడిగుడ్డ వేసినట్లే అవుతుంది.

పెట్రోలు ఇంజనులో కిరసనాయిలు కల్తీ కలవకుండా చూసుకోండి. అది జోరు మీద టంగుమని మోగించి వేడిని పెంచుతుంది. కిరసనాయిలు ఇంజను వేరు, అందులో నొక్కుడు తక్కువగా వుండేటట్లు ముందే రూపొందించారు. రవ్వ వస్తున్నదో లేదో చూడాలనుకుంటే పెట్రోలు ఒలికిన చోట, ప్లగ్గు రంధ్రం దగ్గర ఆ పని చేయకండి. తీగను వుత్తచేత్తో పట్టుకోకండి.

ఇంకొక్క మాట. పక్కన ఇంజను తిరుగుతుంటే రేడియోలో బరబర శబ్దం రావడం మీలో చాలామంది వినే వుంటారు. అది ప్లగ్గు రవ్వ చేసే అల్లరే. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో తరంగాన్ని పుట్టిస్తుంది. దాన్ని అణచడానికి ప్లగ్గు లోపలనే సుమారు 5000 ఓముల నిరోధకం పెట్టిన రకాలు వున్నవి. చాలా కంపెనీల గుర్తుల్లో వాటికి ఆర్ అనే అక్షరం వుంటుంది. మీ యంత్రం పుస్తకం ఆ రకం వేయమని చెబితే అదే వేయండి. ఎలక్ట్రానిక్ పరికరాలున్న యంత్రాలకు అది రేడియో మాట వినడానికే కాదు, పరికరాలు తడబడకుండా వుండడానికి కూడా అవసరం.

విస్తరణాధికారులకు ఒక మనవి. మందు కొట్టే అదనుకు పదిహేను రోజుల ముందు, వూరి రచ్చబండ దగ్గర స్ప్రేయర్లన్నీ ఒక పూట పోగుచేయించండి. ప్రతి ప్లగ్గూ విప్పించి, పాతవాటిని తెల్లనివి ఒక వరుసగా, నల్లనివి ఒక వరుసగా, గోధుమ రంగువి ఒక వరుసగా గుడ్డ మీద పేర్పించండి. ఎవరి యంత్రం ఏ వరుసలో పడిందో వారే చూసుకుంటారు. గంటసేపు వుపన్యాసం చెప్పినా రాని తెలివి ఆ మూడు వరుసలు చూస్తే వస్తుంది.

రైతు సోదరులారా! పంట మీదికి పురుగు వచ్చిన రోజున స్ప్రేయరు వెంటనే అందుకోవాలి, చివరి సాలు దాకా ఆగకుండా నడవాలి. అందుకు కావలసిన ప్లగ్గు గుర్తును ఇవాళే యంత్రం టాంకు మీద చెరగని రంగుతో వ్రాసి పెట్టుకోండి. అదే రకం ప్లగ్గు ఇంకొకటి కొని, గుడ్డలో చుట్టి పానాతోబాటు సంచిలో వుంచుకోండి. అదను మీద చేను మధ్యలో ఇంజను ఆగినప్పుడు ఆ సంచి మీ పక్కనే వుంటుంది.